షెడ్డు వెనక ఆపిల్

సియాటిల్,
19 అక్టోబరు 1994

ఆర్విల్లా అత్తకి,

ముందు అభినందనలు. పోట్లాట తర్వాత.

నిన్న మా బేకరీకి ఆపిల్స్ కొందామని మార్కెట్టుకి వెళ్ళాను. ఒక కొట్లో అన్నిటికంటే ముందు వరసలో ఒక్కొక్క కాయనీ పల్చటి కాగితంలో చుట్టి, పెళ్ళికూతుళ్ళలా కూర్చోబెట్టారు. పేరు ‘రోజ్ లాంటర్న్’ట. రుచి చూడమని కొట్టువాడు ఒకటి అడ్డంగా కోసి చేతిలో పెట్టాడు. అత్తా, లోపల గులాబీ రంగు నక్షత్రం! కొరికితే ముందు పులుపు, వెనకాలే తేనె. అది నీ షెడ్డు వెనక చెట్టు కాయ. ఆ చెట్టెక్కి కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాణ్ణి, నేను పోల్చుకోలేనా?

కాయ మీద ఒక పెద్ద నర్సరీ ముద్ర ఉంది. అంటే వాళ్ళకి అమ్మేశావన్నమాట. మంచిదే. కానీ సొంత మేనల్లుడికి ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదా? ప్రతి వేసవీ నీ ఇంట్లో, నీ తోటలో పెరిగిన నాకు ఈ సంగతి కొట్టువాడు చెప్పాలా?

ఇంకోటి. పోయిన క్రిస్మస్‌కి చెవి మిషను పంపాను. అందిందని లేదు, థాంక్స్ అని లేదు. అంటుకట్టుకోమని ఎవరైనా ఇచ్చిన అంటుపుల్లకి థాంక్స్ చెప్తే పుల్ల చచ్చిపోతుందని మీ లోయవాళ్ళ నమ్మకం, సరే. చెవి మిషను చావదు కదా!

కోపంగా ఉన్నా నీవాడే,
ఎల్డన్


ఎంటియాట్,
25 అక్టోబరు 1994

ఒరే ఎల్డన్,

నీ ఉత్తరం చదువుతుంటే చేతిలో కాఫీ కప్పు జారి నేల మీద భళ్ళుమంది. మీ మామయ్య గన్నర్ కప్పు. దాని పాపం నీదే.

నేను ఎవరికీ ఏమీ అమ్మలేదు. ఆ చెట్టు అమ్మడమేమిట్రా? నువ్వు పుట్టకముందు, షెడ్డు వెనక పారబోసిన పుచ్చిపోయిన ఆపిల్స్‌లోంచి దానంతటదే మొలిచింది. పీకేద్దామని గన్నర్ అంటే, ఒక్క కాపు చూద్దామని నేనన్నాను. దానికి పేరు కూడా పెట్టలేదు. షెడ్డు వెనక ఉంది కాబట్టి షెడ్డు వెనక ఆపిల్. అంతే.

నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. తర్వాత ఒక సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట చలికాలం చివర్లో వచ్చి, ఎవరో స్నేహితుడికని ఒక కట్ట అంటుపుల్లలు తడి పేపర్లో చుట్టి పట్టుకెళ్ళావు. ఎవడా స్నేహితుడు? ఏం చేశాడు వాటిని? నేను అడగకూడదు గానీ అడుగుతున్నాను.

అడిగినవాళ్ళకి అంటుపుల్ల లేదనడం ఈ లోయలో ఎవరికీ చేతకాదు. రైతుసంఘం గ్రేంజ్ హాల్లో ఏటా ఫిబ్రవరిలో జరిగే పుల్లల పంపకాలప్పుడు ఎవరు చెయ్యి చాస్తే వాళ్ళకిచ్చాను. కానీ వాళ్ళంతా మనవాళ్ళు. పట్నం వెళ్ళిన కట్ట నీదొక్కటే.

చెవి మిషను పెట్టుకుంటే ఫ్రిజ్ చప్పుడు కూడా ఉరుములా వినిపిస్తోంది. ఫోను మాత్రం ఇప్పటికీ నీళ్ళ గలగలే. కాబట్టి ఉత్తరమే రాయి.

అత్త


సియాటిల్,
2 నవంబరు 1994

అత్తా,

నేనా? నన్నా? నీ ఉత్తరం చదివి పిండి కలపడం మధ్యలో ఆపేసి బయటికెళ్ళి నిలబడ్డాను. నా స్నేహితుడి మొక్కని చిగురేసిన వారానికే పక్కింటి మేక తినేసింది. కావాలంటే మేకని పంపిస్తాను, విచారించుకో.

ఇక అసలు సంగతి విను. కూర్చుని చదువు. ఆ నర్సరీవాళ్ళు నీ చెట్టుకి పేటెంటు తీసుకున్నారు. కొత్త రకం చెట్టుని కనిపెట్టి, అంటుకట్టి పెంచినవాడికి ప్రభుత్వం ఇచ్చే హక్కది. పదిహేడేళ్ళపాటు వాళ్ళ అనుమతి లేకుండా ఇంకెవరూ ఆ చెట్టుని అంటుకట్టకూడదు. ‘రోజ్ లాంటర్న్’ అనే పేరు వేరే లెక్క. అది వాళ్ళ ట్రేడ్‌మార్క్. చెట్టుకొక తాళం, పేరుకొక తాళం.

రోజూ మా దగ్గర రై రొట్టె కొనే మిస్ అకర్లీ ఇలాంటి కేసులే చూసే లాయరు. ఆవిణ్ణి పట్టుకుని, ఆ పేటెంటు మా అత్త పేర వేయించమన్నాను.

“మీ అత్తగారు ఆ కొమ్మలు ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చారా?” అంది.

“ఎవరికిచ్చిందని కాదండీ, ఎవరికివ్వలేదని అడగండి. లోయంతా పంచింది.”

“ఎప్పటినుంచి?”

“నాకు ఊహ తెలిసినప్పటినుంచీ.”

ఆవిడ రొట్టె సంచీ కింద పెట్టేసింది. “అయ్యో! దాపరికం లేకుండా పదిమంది చేతుల్లోకీ వెళ్ళి ఏడాది దాటితే ఆవిడకి పేటెంటు రాదు బాబూ,” అంది. ఇంకా ఏదో చెప్పబోయింది కానీ నేను వినలేదు. లోపల రొట్టెలు మాడుతున్నాయి, ఇక్కడ నా కడుపు మండుతోంది.

చూశావా అత్తా? దాచుకున్నవాడిది అయిపోయింది, పంచినదానివి నీకు లేకుండా పోయింది. ఎంత చెప్పినా వినకుండా అందరికీ పంచిపెట్టావు!

మేక తరఫున కూడా,
ఎల్డన్


ఎంటియాట్,
14 నవంబరు 1994

ఎల్డన్ బాబూ,

మేక సంగతి నమ్మాను. నిన్ను అనుమానించినందుకు నాకే సిగ్గుగా ఉంది. అయినా ‘అందరికీ పంచిపెట్టావు’ అని నన్ను అనడానికి నీకు నోరెలా వచ్చింది? మనింట్లో ఉన్న మంచి చెట్లన్నీ ఎవరో ఒకరు పంచిపెట్టినవేరా.

ఇప్పుడు నువ్వు కూర్చుని చదువు. నిన్న ఆ నర్సరీ లాయర్లనుంచి నోటీసు వచ్చింది. ఓపల్ రూక్‌స్టూల్ రోడ్డు పక్కన పళ్ళ కొట్టు పెట్టుకుందని తెలుసు కదా. నా పుల్ల కట్టి పెంచుకున్న తన చెట్టు కాయలే పెట్టి, నా మీద ప్రేమకొద్దీ ‘ఆర్విల్లా షెడ్డు వెనక ఆపిల్’ అని అట్ట మీద రాసి తగిలించింది. నర్సరీ మనిషెవడో కారాపి ఒకటి కోసి చూసుకున్నట్టున్నాడు. అట్ట మీద పేరు నాదే కాబట్టి నోటీసు నాకొచ్చింది.

ఏం రాశారో తెలుసా? మా చెట్టుని మీరు అనుమతి లేకుండా పెంచుతున్నారు, అంటుకడుతున్నారు, వెంటనే అలాంటి చెట్లన్నిటినీ నాశనం చెయ్యండి, ఇంతవరకూ ఎవరెవరికి ఇచ్చారో వాళ్ళ పేర్లన్నీ తెలపండి, లేకపోతే కోర్టుకి రండి అని.

నా చెట్టుకి నేను దొంగనట! ఆ కాగితం పట్టుకుని అలాగే మెట్ల మీద కూర్చుండిపోయాను. చర్చిలో కొవ్వొత్తి కూడా అడక్కుండా తీసుకోనిదాన్ని. నన్నేం చేసినా చేసుకోనీ, వాళ్ళ పేర్లు నేనెలా చెప్తాను? ఓపల్‌కి ఎనభై ఏళ్ళు. ఆ చెట్టు కాయలమ్ముకునే చలికాలం గడుపుతుంది.

ఏం చెయ్యాలో త్వరగా రాయి. అన్నం సహించడం లేదు.

అత్త


సియాటిల్,
20 నవంబరు 1994

అత్తా,

నోటీసు సంగతి రెండుసార్లు చదివాను. దొంగ వచ్చి ఇంటివాణ్ణి దొంగా అనడం నేనెక్కడా చూడలేదు.

ఎవరి పేరూ చెప్పకు. ఆ చెట్టు అక్కడ ఉన్నంతకాలం వాళ్ళు నిన్ను వదలరు. వాళ్ళ కంట్లో నలుసు అదే. మిస్ అకర్లీ ఊళ్ళో లేదు, రాగానే అడిగి వివరంగా రాస్తాను. ఓవెన్ పిలుస్తోంది.

ఎల్డన్


ఎంటియాట్,
4 డిసెంబరు 1994

ఎల్డన్,

చెట్టు తీయించేశాను.

నువ్వు రాసింది నిజమనిపించింది. అది ఉన్నంతకాలం వాళ్ళు వదలరు. ఇవాళ నన్ను అడుగుతారు, రేపు లోయంతా తిరిగి ఒక్కొక్కరి తోటలోకీ వెళ్తారు. నాశనం చెయ్యమన్నారు, చేశాను, ఇంకెవరి దగ్గరా లేదు అని రాసిచ్చేస్తే నాతోనే పోతుందనుకున్నాను. వాళ్ళు రాసినదాంట్లో ఉన్న పేరు నాదొక్కటే కదా.

ఇక్కడివాళ్ళని పిలిస్తే ఎవరూ రంపం ముట్టుకోరు. పొరుగూరు చెలాన్‌నుంచి ముక్కూమొహం తెలియని మనిషిని పిలిపించాను. మొదలు మిగిలితే మళ్ళీ చిగురేస్తుందని ట్రాక్టరుతో వేళ్ళతో సహా లాగించాను. కొమ్మలూ దుంగలూ అన్నీ కాల్పించాను. ఆపిల్ కట్టె మండుతుంటే ఎంత కమ్మటి వాసనో నీకు తెలుసు. ఆ వాసన రెండు రోజులు కర్టెన్లను వదల్లేదు. కిటికీలు తెరిచి చలిలో కూర్చున్నాను.

ఓపల్ వచ్చి గుంత చూసింది. “ఏం చేశావే ఆర్విల్లా!” అంది. తర్వాత వంటింట్లో కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఓపల్ మాట్లాడకుండా కూర్చోవడం నేను జన్మలో చూడలేదు.

ఇప్పుడు షెడ్డు వెనక నుంచి నది కనిపిస్తోంది. నాకు అది చూడాలని లేదు.

నీ సలహా పాటించాను. నువ్వైనా నిశ్చింతగా ఉండు.

అత్త


సియాటిల్,
12 డిసెంబరు 1994

అత్తా,

నేను చెప్పింది అది కాదు. దేవుడా, నేను చెప్పింది అది కాదు!

చెట్టు వాళ్ళ కంట్లో నలుసంటే, దాన్ని కాపాడుకోవాలని. ముప్ఫై అయిదేళ్ళ చెట్టు నీ పెరట్లో నిలబడి ఉంటే, మొన్న మొన్న కనిపెట్టామని వాళ్ళు చెప్పేది అబద్ధమని దాని మానే సాక్ష్యం చెప్పేది. నవంబరు 29న నాలుగు పేజీలు రాశాను, దేన్నీ ముట్టుకోవద్దని. కనుమ దారిలో మంచు విరిగిపడి టపా బస్తాలన్నీ ఇవతలే ఆగిపోయాయని పోస్టాఫీసులో ఇవాళ చెప్పారు. ఆ ఉత్తరం నీకు ఇది అందాక వస్తుందేమో. వస్తే చదవకు.

అంత తొందరగా, ఓవెన్ పిలుస్తోందని రెండు ముక్కలు గీకి పంపాను. రొట్టెలు మాడితే మాడేవి. అయినా నువ్వు మాత్రం? నన్ను ఇంకోసారి అడగకుండా చెట్టు కొట్టించేస్తావా? ఎంత మొండిదానివి! నాకు ఏడుపొస్తోంది, ఎవరిమీద అరవాలో తెలియడం లేదు.

మిస్ అకర్లీ విని తల పట్టుకుంది. ఒక్క దుంగైనా మిగిలిందా అని అడగమంది. అన్నీ కాల్పించేశావని చెప్పాను. పేటెంటు కాగితం తెప్పించి చూపించింది. ఆ చెట్టు వాళ్ళ సొంత పొలం గట్టున మొలిచి కనబడిందని ప్రమాణం చేసి రాశారు. 1991 వసంతంలో అర్జీ పెట్టారు. అంతకుముందే వాళ్ళ మనిషి నీ దగ్గర పుల్ల తీసుకున్నాడని తేలితే దారి ఉందట. ఎవరు తీసుకున్నారో, ఎప్పుడో, ఏదైనా గుర్తుందా? ఎవరైనా ఒక థాంక్స్ ముక్క రాశారా, కార్డు పంపారా?

ఎల్డన్


ఎంటియాట్,
20 డిసెంబరు 1994

ఎల్డన్,

నీ రెండుత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. చదవద్దన్నది చదివాను. చదివాక కోటు వేసుకుని ఆ గుంత దగ్గరికెళ్ళి నిలబడ్డాను. మంచు దాన్ని పూడ్చేసింది. నా చేతులతో నేనే చేశాననే మాట ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. నిన్ను ఏమీ అననులే. నువ్వూ నన్ను ఏమీ అనకు.

థాంక్స్ కార్డులా! ఎంత పట్నం వాడివైపోయావురా. ఇక్కడ పుల్ల పుచ్చుకున్నవాడు నోరు మూసుకుని తల పంకించి వెళ్ళిపోతాడు. నా చెట్టు పుల్లలు పుచ్చుకున్నవాళ్ళలో ఒక్కడు కూడా థాంక్స్ చెప్పలేదు, నేనెవరికీ చెప్పలేదు.

అని రాసి కలం పక్కన పెట్టాను. పెట్టి మళ్ళీ తీసుకున్నాను. ఒకడు చెప్పాడు!

హాలు పైపులు చలికి పగిలిపోయి, ఆ ఒక్క ఏడు మాత్రం పంపకాలు లూథరన్ చర్చి కింది గదిలో పెట్టుకున్నాం. కొత్త బూట్లు, టోపీ మీద ముద్ర వేసుకుని ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు. అందరి బల్లల దగ్గరా ఆగి, నా దగ్గరికొచ్చి, “ఇదేం రకమండీ?” అన్నాడు. కాయ ఒకటి దాచి ఉంచాను, కోసి పెట్టాను. నమిలి, మిగిలిన ముక్క కూడా అందుకున్నాడు. ఒక కట్ట ఇచ్చాను. అందుకుని, గదంతా వినబడేలా, “థాంక్యూ మేడమ్, చాలా చాలా థాంక్స్!” అన్నాడు.

గది గదంతా బిగుసుకుపోయింది. నా చెవికే వినబడిందంటే చూసుకో. ఓపల్ కాఫీ గిన్నెతో అలాగే నిలబడిపోయి, “ఏమయ్యా, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావు? ఆ మాటనేశావు, ఇంకేముంది, పుల్ల చచ్చింది పో!” అని కేకలేసింది. ఆయన మొహం కందగడ్డ అయిపోయింది. పాపమని నేనే ఇంకో కట్ట ఇచ్చి, “ఈసారి నోరు తెరవకుండా వెళ్ళు బాబూ,” అన్నాను. అందరూ నవ్వారు.

పొద్దున్నే ఓపల్ దగ్గరికి పరిగెత్తాను. “థాంక్స్ చెప్పినోడా? ఎందుకు మర్చిపోతానే! టోపీ మీద ఆ నర్సరీ ముద్ర, నా కళ్ళతో చూశా,” అంది. పక్క తోటవాళ్ళని అడిగాం, వాళ్ళకీ గుర్తే. చర్చిలో పెట్టుకున్నది 1988లో అని పాస్టరుగారు చెప్పారు.

రెండో కట్ట కూడా నేనే ఇచ్చాను రా ఎల్డన్. నేనే చేతికిచ్చి సాగనంపాను.

అత్త


సియాటిల్,
29 డిసెంబరు 1994

అత్తా!

ఈ ఉత్తరం పిండి చేతులతో రాస్తున్నాను, మరకలు చూసి తిట్టకు. నువ్వు రాసింది మిస్ అకర్లీకి కౌంటరు దగ్గరే చదివి వినిపించాను. ఆవిడ నా చేతిలోంచి కాగితం లాక్కుని మళ్ళీ చదివింది. రొట్టెలకి నిలబడ్డవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు.

“ఆ రోజు మీరు సగం విని లోపలికి పరిగెత్తారు. ఏడాది దాటితే మీ అత్తకి రాదన్నాను. వాళ్ళకి మాత్రం ఎలా వస్తుంది? ఆ గడువు అందరికీ ఒకటే. పైగా వాళ్ళు కనిపెట్టినదే కాదు, పుచ్చుకున్నది,” అంది.

బుర్ర తిరిగిపోయింది నాకు. నువ్వు పంచిపెట్టావని నిన్ను తిట్టాను కదా. నువ్వు పంచావు కాబట్టే ఆ చెట్టు ఎవడి సొత్తూ కాకుండా పోయిందట. నీదీ కాదు, వాళ్ళదీ కాదు. ఇక దాని మీద ఎవడూ తాళం వెయ్యలేడు.

ఇంకో మాట కూడా చెప్పింది. అంటుకట్టిన చెట్టంటే తల్లిచెట్టు బిడ్డ కాదట, తల్లిచెట్టేనట. నాకు తెలిసినదే, ఎందుకు తట్టలేదో! ఓపల్‌గారి చెట్టు వయసు చూడటానికి మనిషిని పంపుతుంది, కొట్టడం లేదులే, సన్నటి రంధ్రం చేసి చూస్తారు. ఆ రోజు చూసింది సాక్ష్యంగా రాసి సంతకాలు పెట్టడానికి ఎవరైనా వస్తారా? పేర్లు బయటపడతాయి మరి, భయపడరు కదా?

నీ పిండి మేనల్లుడు,
ఎల్డన్


ఎంటియాట్,
18 ఫిబ్రవరి 1996

ఎల్డన్ బాబూ,

నర్సరీవాళ్ళు పేటెంటు వదులుకున్నారన్న కాగితం మిస్ అకర్లీ నాకూ పంపింది. చదివాను, మడిచాను, మళ్ళీ విప్పి చదివాను. ‘రోజ్ లాంటర్న్’ పేరు మాత్రం వాళ్ళదేనట. ఉంచుకోమను. ఆ పేరుతో పిలిస్తే మా చెట్లు పలకవు.

భయపడతారా అని అప్పుడెప్పుడో అడిగావు. సంతకం పెట్టిన రోజు ఓపల్ చర్చి దుస్తులు వేసుకుని వచ్చింది. నేను ఎవరిని కాపాడాలని చెట్టు కొట్టించానో వాళ్ళంతా నన్ను దాటుకుని వెళ్ళి వరసలో నిలబడ్డారు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నిన్న పంపకాలు. నా బల్ల మీద పెట్టడానికి ఏమీ లేదని పోయినేడు వెళ్ళలేదు. ఈసారీ వెళ్ళనన్నాను. ఓపల్ వచ్చి, “ఖాళీ బల్లయినా సరే కూర్చోవాలి, లేవే!” అని లాక్కెళ్ళింది. కూర్చున్నాను. ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. కాసేపటికి ఓపల్ లేచి, తడి పేపర్లో చుట్టిన కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. విప్పాను. పెన్సిలంత లావు పుల్లలు, నున్నగా, ఆ ఎర్రటి బెరడు. కళ్ళు మూసుకుని తడిమినా నేను పోల్చుకోగల బెరడు.

నా చెట్టు, ఎల్డన్. నా చేతులతో వేళ్ళతో సహా పీకించిన చెట్టు. ఆ అనకూడని మాట నాలుక చివరిదాకా వచ్చింది. తలెత్తి చూశాను. అందరూ నా నోటివంకే చూస్తున్నారు.

పెదవులు బిగబట్టుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం నా మాట వినలేదు. తల పంకించాను. “అమ్మయ్య, బతుకుతుంది,” అని ఓపల్ వెళ్ళి కాఫీ పోసుకుంది.

ఒక పుల్ల నీకు పంపుతున్నాను. నీ పెరట్లో ఆ పుల్లటి కాయల ఆపిల్ చెట్టుంది కదా, దానికి కట్టు. మేక జాగ్రత్త.

నువ్వు నాకోసం చేసినదానికి ఏమీ రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో నీకు తెలుసు.

అత్త


సియాటిల్,
3 మార్చి 1996

అత్తా,

పొట్లం అందింది. పేపరు తడి ఇంకా ఆరలేదు.

ఆదివారం వాన తెరిపిచ్చాక అంటుకట్టాను. మైనం పూశాను. చుట్టూ కంచె వేశాను.

ఇక్కడ అంతా మామూలే. ఇంకేమీ రాయను.

ఎల్డన్